నా కోతలకు సిమాద్రి గీసిన పటం

వెలుగుతున్న కర్పూరాన్ని అరచేత్తో ఆర్పి ప్రమాణం చేస్తున్నాను: ఈ కింద రాసిన ప్రతి అక్షరం నిజం. భీమిలిలో నన్ను ఎరిగినవాళ్ళు ఈ వాక్యం దగ్గర ఆగి, పక్కవాడి మొహం చూసి నవ్వుతారని తెలుసు. నవ్వనివ్వండి. కాలింది నా చెయ్యి, వాళ్ళది కాదు.

వకోవా: వానలో కోసిన కోతలు

మారిషస్ ద్వీపంలో తెలుగు నేర్పే ఉపాధ్యాయులకు మూడు నెలలు పాఠాలు చెప్పి రమ్మని, హైస్కూలు తెలుగు పండితుణ్ణయిన నన్ను పంపించారు. బొంబాయిలో ఓడెక్కి, రెండు వారాలపాటు తిన్నదంతా సముద్రుడికి సమర్పించుకుని, పోర్ట్ లూయిస్ రేవులో దిగాను. అక్కడ అప్పటికింకా ఇంగ్లీషువాళ్ళ జెండాయే ఎగురుతోంది. రేపో మాపో దిగుతుందని బస్సు కండక్టరు దగ్గర్నుంచి గుడి పూజారి దాకా అందరిదీ అదే మాట.

నాకు బస వకోవాలో, సిమాద్రి ఇంట్లో. ముప్పై ఏళ్ళవాడు. సర్వే ఆఫీసులో పటాలు గీసే ఉద్యోగం. పెట్టిన పేరు సింహాద్రి. పుట్టినప్పుడు రిజిస్టరు రాసిన గుమాస్తాకి నోరు తిరగక సిమాద్రి అయ్యాడు. భార్య సావిత్రి బడిలో పాఠాలు చెబుతుంది. ఇంట్లో వాళ్ళిద్దరూ ఫ్రెంచి నుంచి పుట్టిన అక్కడి క్రియోల్ భాషలోనే మాట్లాడుకుంటారు. నాతో మాట్లాడేటప్పుడు మాత్రం తెలుగు మాటలు ఒక్కొక్కటే బయటికొచ్చేవి, పెట్టెలోంచి అమ్మవారి నగలు తీసినట్టు.

వకోవాలో వాన ఆగడమనేది ఊళ్ళో చెప్పుకునే వార్త. సాయంత్రాలు వరండాలో కూర్చుని టీ తాగడం తప్ప పనిలేదు. ఊరకే కూర్చోలేని నోరు నాది. సింహాచలం వెయ్యి మెట్లూ ఏటేటా గుక్క తిప్పుకోకుండా ఎక్కుతానని ఒకనాడు చెప్పాను. భీమిలి ఒడ్డునుంచి, అస్తమిస్తున్న సూర్యుడికి ఎదురుగా ఈదుకుంటూ వెళ్ళి, లంగరేసిన ఓడను తాకి వచ్చానని మరునాడు. అరకు అడవిలో చిరుతపులి కళ్ళలోకి కళ్ళు పెట్టి చూస్తే అది సిగ్గుపడి తల దించుకుందని ఆ మరునాడు. నేను చెబుతుంటే సిమాద్రి ఒక నోటుబుక్కులో రాసుకునేవాడు. పెద్దల మాట మీద భక్తి అనుకున్నాను.

ఆగస్టు సెలవుల ముందు అతను నా ముందు ఒక పటం పరిచాడు. తన చేత్తో గీసింది. ఎర్ర పెన్సిలు గీత ఒకటి ద్వీపం మీద వంకర్లు తిరుగుతోంది.

“మావా, నాలుగు రోజులు. మీరు ఏమీ ఆలోచించొద్దు. ఎక్కడికి, ఎట్లా, ఏం తినాల, అంతా నేను చేసినాను. మీకోసమే చేసినాను. ఇంకొకరికి పనికిరాదు ఇది.”

వేలు పెట్టి చూపించాడు. “ఇక్కడ సముద్రం. మీరు ఈదే మనిషి కదా. ఇక్కడ అడవి. చిరుత మా దేశంలో లేదు, పార్దో, మన్నించండి, దుప్పిని పెట్టినాను. ఇక్కడ కొండ. లె పూస్ అంటారు, బొటనవేలు. అది చివరన పెట్టినాను.”

మోకాళ్ళ మీద చెయ్యి వేసుకుని, “ఈ చలిగాలికి నాకు...” అని మొదలుపెట్టాను.

“మొన్ననే కదా మావయ్యా, వెయ్యి మెట్లు గుక్క తిప్పుకోకుండా అన్నారు,” అంది సావిత్రి, టీకప్పులు తీస్తూ. మొహంలో ఏమీ లేదు. ఏమీ లేకపోవడమే అనుమానంగా ఉంది.

అప్పుడు చెప్పాడు సిమాద్రి అసలు సంగతి. “దొరలు ఓడెక్కుతారు మావా. పటాలు ఇక్కడే ఉంటాయి. మా దేశం మాదయినాక చూడ్డానికి మనుషులు వస్తారు. ఎవరు చూపిస్తారు? నేను చూపిస్తాను. మా పెద్ద దొర నవ్వినాడు, ఈ రాళ్ళు ఎవడు చూస్తాడని.” పోర్ట్ లూయిస్‌లో ఓడ టిక్కెట్లు అమ్మే ముసలి చీనా వర్తకుడు ఒకాయన మాత్రం నవ్వలేదట. నీ వెంట నడిచినవాడు రాసిన కాగితం ఒక్కటి తీసుకురా, అది చదివి నమ్మితే వచ్చే ఓడ ప్రయాణికుల్ని నీ దగ్గరికే పంపుతానన్నాడట. “ఒక్క కాగితమే మావా. ఆయన నమ్మకపోతే నేను మళ్ళీ బల్ల ముందర కూచుని దొర గీతల మీద గీతలు గీస్తాను. పింఛను దాకా.”

“దానికి నాలుగు రోజులు నడవాలిటయ్యా? కాగితం ఇలా తే, ఇప్పుడే రాసిపారేస్తాను.”

“కాదు మావా. ఆయన రోజూ పొగడ్తలు చదివే మనిషి. అబద్ధం వాసన పట్టేస్తాడు. అందుకే మిమ్మల్ని అడిగినాను. మా నాయనమ్మ అంటాది, సింహాచలం కొండ కనబడే ఊళ్ళో పుట్టినవాడు అబద్ధం ఆడితే నాలిక మీద పొక్కు లేస్తాదని. మీది ఆ ఊరే కదా.”

నాదే ఆ ఊరు.

పోర్ట్ లూయిస్: మిరపకాయ దగ్గర పరువు

సావిత్రి గుమ్మంలో నిలబడి సాగనంపింది. తెల్లవారుజాము బస్సులో నిలబడటానికి చోటులేక ఒకరి బుట్టలో బాతుకీ, ఇంకొకరి చంకలో రొట్టెకీ మధ్య వేలాడుతూ రాజధానికి దిగాం. అంత ఇరుకులోనూ నాకు హుషారు పుట్టుకొచ్చింది. ఎక్కడ దిగాలో, తరువాత ఏమిటో మరొకడి తలకాయలో ఉంటే మన తలకాయ ఎంత తేలిగ్గా ఉంటుందో అనుభవిస్తేగాని తెలియదు. పెళ్ళికొడుకు తరువాత అంతటి సుఖం నాదే.

మార్కెట్లో వంకాయ మన వంకాయే, ఆనపకాయ మన ఆనపకాయే. అమ్మేవాళ్ళు మాత్రం కేకలు ఫ్రెంచి రాగంలో పెడతారు. అక్కడా రూపాయే నడుస్తుంది, పైసలకు బదులు సెంట్లు. సైకిలుకి అద్దాలపెట్టె కట్టుకున్న ఒక ముసలాయన పది సెంట్లకు రెండు దాల్‌పూరీలిస్తున్నాడు. మన బొబ్బట్టులో బెల్లం మానేసి, పప్పును పొడిలా చేసి కూరితే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. పల్చన, మెత్తన, దాని మీద కూర, ఆ కూర మీద పచ్చిమిరప నూరిన ముద్ద.

ముసలాయన చెంచాతో ఆవగింజంత తీశాడు.

“నిండా వెయ్యమను,” అన్నాను సిమాద్రితో. “మిరపకాయ చూపించి మమ్మల్ని బెదిరించేవాళ్ళు ఇంకా పుట్టలేదు.”

“మావా, దూస్మా. మెల్లిగా. ఇది చిన్న కాయ.”

“చిన్న కాయ చిన్నవాళ్ళకి.”

ముసలాయన నా వంక చూసి, నా వయసు లెక్కపెట్టుకుని, నిండా వేశాడు. తరువాత కాసేపు ఏం జరిగిందో నాకు తెలియదు. తెలిసేసరికి నేను మార్కెట్ కుళాయి కింద తల పెట్టి ఉన్నాను, చుట్టూ ఒక బాతూ పదిమంది మనుషులూ ఉన్నారు. నాలుక కొస మీద శనగగింజంత పొక్కు.

సిమాద్రి నా నోట్లోకి వంగి చూశాడు. “పొక్కింది,” అన్నాడు.

లాల్మతీ: నాలుక తనిఖీ

సాయంత్రానికి లాల్మతీ చేరాం. చెరుకుతోటల మధ్య ఊరు. అక్కడ సిమాద్రి నాయనమ్మ ఉంది, ఎనభై దాటిన మనిషి, చెరుకు కొట్టి కొట్టి వేళ్ళు కొడవళ్ళలా వంగిపోయాయి. మనవాళ్ళని అక్కడ కోరంగీలంటారు, చెరుకు కూలికి తెచ్చిన వెనకటి ఓడలు కోరంగి రేవునుంచి బయలుదేరాయి గనక. ఆమె కోరంగిని గాని విశాఖను గాని చూసినది కాదు. నోరు తెరిస్తే మాత్రం మా తాతమ్మ మాట్లాడుతున్నట్టుంది. ఆ యాస మా ఊళ్ళో ఇప్పుడు వినాలంటే శ్మశానానికి పోవాలి.

“ఏటి బాబూ, అప్పన్న కొండ కాడ నుండి వచ్చినావా? కూకో. నోరేటి అలగ మూసుకున్నావు?”

“పయాణం బడలిక అమ్మా.”

“నాలిక సూపించు.”

ఎందుకు చూపించానో తెలియదు. డాక్టరు ముందు కూడా అంత బుద్ధిగా చూపించలేదు. ఆమె లాంతరు దగ్గరికి తెచ్చింది.

“మిరపకాయ నాయనమ్మా,” అన్నాడు సిమాద్రి.

“మిరపకాయకి పొక్కదురా కోరంగోడి నాలిక. మాటకి పొక్కుద్ది.” నా మోకాళ్ళ వంకా, మొహం వంకా మార్చి మార్చి చూసి, గిన్నెడు పెరుగు తెచ్చి నా ముందు పెట్టింది. “తిను. ఎన్ని అబద్దాలాడినా ఆకలి నిజమే గదా.”

ఆ పూట గుళ్ళో రామభజన. నడుమ దీపపుస్తంభం, చుట్టూ మగవాళ్ళూ ఆడవాళ్ళూ తాళాలు వేస్తూ తిరుగుతున్నారు. కొందరు ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు పాట రాసుకున్న కాగితం చూసి పాడుతున్నారు. మా ఊళ్ళో తెలుగు అక్షరాలు వచ్చినవాళ్ళం పాట వదిలేశాం. వీళ్ళు అక్షరం పోయినా పాట వదల్లేదు. నేనూ దిగి తిరిగాను. పెద్దాయన ఒకాయన, “మీ దేశంలో ఇంకా బాగా ఆడతారు కదా,” అని అడిగాడు. జవాబు నాలుక దాకా వచ్చింది. పొక్కు గుర్తొచ్చి మింగేశాను.

ఇల్ ఓ సేర్: గొడుగు తెరిచిన జంతువు

మూడు వానాకాలాలు నాతో గడిపిన నల్లగొడుగు ఒకటి ఈ ప్రయాణమంతా నా చంకలో ఉంది. రెండోరోజు తూర్పు తీరంలో గాబ్రియేల్ అనే జాలరి పడవలో దాన్ని అడ్డం పెట్టుకుని కూర్చున్నాను. గాబ్రియేల్‌కి క్రియోల్ తప్ప రాదు, నాకు క్రియోల్ తప్ప అన్నీ వచ్చని చెప్పుకున్నాను.

ఎదురుగా ఇల్ ఓ సేర్ అనే చిన్న దీవి. నీళ్ళు గాజుపలకలా ఉన్నాయి. అడుగున ఇసుకా, ఇసుక మీద పడవ నీడా కనబడుతున్నాయి. ఇక్కడ ఈదాలి కాబోలని గొడుగును రెండు చేతులా కౌగిలించుకున్నాను. ఇంతలో సిమాద్రి, “ఇక్కడ దిగండి మావా,” అన్నాడు. కళ్ళు మూసుకుని, ఇష్టదైవాన్ని తలచుకుని దూకాను. నీళ్ళు మోకాళ్ళ దాకా వచ్చి ఆగిపోయాయి.

“పోటు తగ్గే వేళ,” అన్నాడు సిమాద్రి తాపీగా. “దీవి దాకా ఇంతే లోతు.”

నా అదృష్టానికి నేనే మురిసిపోయి, గొడుగు కర్రలా ఊతం పెట్టుకుంటూ సముద్రం మధ్యన నడిచాను. సముద్రంలో నడవడమంటే ఏమిటనుకున్నారు? పసుపు చారల చేపలు కాళ్ళ మధ్యనుంచి బడిపిల్లల్లా పరుగెడుతుంటే, ఎడమపక్క తెల్లటి అలలు పగడపుదిబ్బ మీద విరిగి, లోపలికి రావడానికి సెలవు దొరకని జవాన్లలా గోలచేస్తుంటే, నడిమధ్యన పంచె ఎగగట్టిన తెలుగు పండితుడు. నలభై ఏడేళ్ళ వయసులో ఎవరూ చూడకుండా నాలుగు గంతులు కూడా వేశాను.

మూడో గంతుకి గొడుగు రాలేదు.

ఒక రాతికన్నంలోంచి ఎనిమిది కాళ్ళు వచ్చి దాన్ని చుట్టుకున్నాయి. ఆక్టోపస్. నేను లాగాను, అది లాగింది. పండితుడిదీ, ఆక్టోపస్‌దీ సమానమైన పట్టు. చివరికి దాని కాలో చెయ్యో బొత్తాన్ని నొక్కింది, గొడుగు టప్పున తెరుచుకుంది. అవును, తెరుచుకుంది. అది గొడుగు కింద నిలబడి ఒక్క క్షణం ఆకాశం వంక చూసి, నా పంచె మీదా గొడుగు మీదా సిరా పోసి, పట్టు వదిలి కన్నంలోకి పోయింది.

గాబ్రియేల్ పడవలో వెల్లకిలా పడి నవ్వుతూ ఏదో అన్నాడు.

“ఏమంటున్నాడు?”

“ముసలాయనకంటే గొడుగే రుచి అనుకుందట మావా.”

మధ్యాహ్నం దీవి మీద దాని బంధువునొకదాన్ని నిమ్మరసంతో వండి పెట్టాడు గాబ్రియేల్. మిరపకాయ కావాలా అని సైగ చేశాడు. రెండు చేతులూ జోడించాను.

మంచె మీద: దుప్పి చూపు

మూడోరోజు అడవి. వేటగాళ్ళు కూర్చునే కర్రమంచె ఒకటి ఉంది. నిచ్చెనకు రెండుపక్కలా చేతిపట్టు ఉంది, కొత్తగా కట్టిన తాళ్ళతో. మరీ ఇంత వసతి ఎవరికోసమా అని అడిగితే సిమాద్రి మేఘాలవంక చూశాడు.

గంటసేపు ఉలకక పలకక కూర్చున్నాం. పొదల్లోంచి దుప్పి వచ్చింది, పెద్ద మగది, కొమ్ములకు గడ్డి తగిలించుకుని పందిట్లోకొచ్చిన వియ్యంకుడిలా. నేరుగా నా కళ్ళలోకి చూసింది. నేనూ చూశాను. అది చూస్తూనే ఉంది. ఏదో పాత తగాదా ఉన్నట్టు చూసింది. ముందు తల దించుకున్నది ఎవరన్నది ప్రశ్న కాదు. నా చెప్పు జారింది, దానికోసం చూశాను, అంతే.

“చిరుతకంటే మొండిది,” అన్నాడు సిమాద్రి, నోటుబుక్కులో రాసుకుంటూ.

బొటనవేలు కొండ

నాలుగోరోజు మోకా అనే ఊరి వైపునుంచి నడక. పిడికిలి బిగించి బొటనవేలు పైకెత్తితే ఎలా ఉంటుందో అలా ఉంది లె పూస్. మొదట చెరుకుతోటలు. తరువాత ఎర్రటి చిన్న జామకాయల పొదలు. కోసుకున్నవాడికి కోసుకున్నన్ని, కాపలాలేదు. మా ఊళ్ళో జామచెట్టుకు ఇద్దరు కాపలా. తింటూ, పాడుతూ, తడిమట్టిలో ఒకసారి కూర్చుంటూ మొదటి గంట గడిచింది. రెండో గంటలో పాట ఆగింది. గాలి పంచెను జెండాలా కొడుతోంది. బొటనవేలి గోరు ఇంకా నెత్తిమీదే ఉంది, నిటారు రాయి. దాని మొదట్లో చదునైన బండ ఒకటి కనబడితే నా మోకాళ్ళు నన్నడక్కుండానే దాని మీద కూర్చున్నాయి.

సిమాద్రి సంచిలోంచి మడిచిన గోనెపట్టా తీసి పరిచాడు. ఫ్లాస్కు తీశాడు, రెండు కప్పులు తీశాడు. వెనిల్లా వాసన వేసే టీ.

ఇక దాచడం నావల్ల కాలేదు. కాగితం మీద అతని బతుకంతా ఆధారపడి ఉంది. “సిమాద్రీ, ఒక మాట. సింహాచలం నేను బస్సులో వెళ్తాను. ఈత రాదు. చిరుతను బొమ్మలో చూశాను.”

“తెలుసు మావా,” అన్నాడు, టీ ఊదుకుంటూ.

“ఎప్పుడు తెలిసింది?”

“రెండో రోజే. భీమిలిలో అస్తమించే సూర్యుడికి ఎదురుగా ఈదినానన్నారు. ఆఫీసులో ఇండియా పటం చూసినాను. మీ సముద్రం తూర్పున ఉంది.”

ఇరవై ఏళ్ళుగా చెబుతున్న కథ. విన్నవాళ్ళంతా ఆ ఒడ్డున పుట్టినవాళ్ళే. ఒక్కడూ పట్టుకోలేదు.

“మరి తెలిసీ సముద్రం, అడవి, కొండ అని ఎందుకు గీశావు?”

జేబులోంచి పటం తీసి విప్పాడు. దీవి పక్కన పోటు తగ్గే వేళ సన్నటి అంకెల్లో రాసి ఉంది. మంచె దగ్గర నిచ్చెన బొమ్మ, చేతిపట్టుతో సహా. ఎర్రగీత మీద, మేం కూర్చున్న చోట, చిన్న టీకప్పు. వకోవాలో గీసినదే.

“వచ్చేవాళ్ళందరూ మీలాగే చెబుతారు మావా. నేను ఎవరెస్టు, నేను సింహం అని. నోరు చెప్పేది వినాల. మోకాళ్ళకి గీయాల. ఇది మీ మాటకి గీసినది కాదు, మీ మోకాళ్ళకి గీసినాను.” పటం మడుస్తూ, “కాని ఆ కాగితం మీరే రాయాల. ఎక్కినారో లేదో ఆయన అడుగుతాడు. అంతవరకే నేను గీయగలను,” అన్నాడు.

ఆ మాటతో నాలో పౌరుషం లేచింది. కప్పు కింద పెట్టాను. పంచె బిగించాను. చేతులతో, మోకాళ్ళతో, గడ్డంతో కూడా పట్టుకుని ఆ నిటారు రాయి ఎక్కాను. శిఖరం. ఒకవైపు పోర్ట్ లూయిస్ రేవు, అందులో ఓడలు చీమలు మోసుకెళ్ళే బియ్యపుగింజల్లా. గుర్రప్పందేల మైదానం చిన్నారి పళ్ళెంలా. ఇంకోవైపు మోకా చెరుకుతోటలు, నూరు పచ్చలు కుట్టిన బొంత. పక్కన, నెత్తిన గుండ్రాయి పెట్టుకుని వేలేళ్ళుగా దించని మరో కొండ. నేను రెండు చేతులూ ఎత్తి గోవిందా అన్నాను. కొండ తిరిగి అంది. ఆ గొంతు నాకంటే బాగుంది.

మళ్ళీ కర్పూరం

ఇక్కడితో ఆగుదామనే అనుకున్నాను. కాని పోయినవారం టపాలో ఒక పొట్లం వచ్చింది, దానివల్ల ఇది రాయక తప్పడం లేదు.

పైన టీకప్పు కింద పెట్టిన దగ్గర్నుంచి కొండ గోవిందా అనేదాకా ఉన్నదంతా కల్పన. నేను ఆ బండ మీదనుంచి లేవలేదు. సిమాద్రి ఒక్కడే ఎక్కాడు. దిగివచ్చి, చూసినదాన్ని నా పక్కన కూర్చుని పెన్సిలుతో గీశాడు. ఓడలూ, మైదానం, గుండ్రాయీ ఆ కాగితంలోవి. గోవిందా అన్నది కూడా అతనే. మిగిలినదంతా నిజం. గొడుగు సంగతి కూడా నిజం. గొడుగు ఇంట్లోనే ఉంది, ఎవరైనా వచ్చి చూడొచ్చు. నల్లగొడుగు మీద సిరామరక కనబడకపోతే నా తప్పు కాదు.

ఆ బండ మీదే చీనా వర్తకుడికి కాగితం రాశాను: “ఈ మనిషి నన్ను శిఖరం ఎక్కించలేదు. నేను ఎక్కడిదాకా ఎక్కగలనో నాకంటే ముందే తెలుసుకుని, సరిగ్గా అక్కడికి టీ మోసుకొచ్చాడు. నాలుగు రోజుల్లో నేను ఒక్కసారి కూడా దారి గురించి ఆలోచించలేదు. నా జన్మలో ఇంత సంతోషంగా ఎప్పుడూ లేను.” సంతకం పెట్టాక నాలుక తడిమి చూసుకున్నాను. పొక్కు మాయమైంది.

ఆ కాగితం చదివి వర్తకుడు అన్నాడట, శిఖరం ఎక్కామని రాసిన కాగితాలు తన దగ్గర సంచెడు ఉన్నాయని, ఎక్కలేదని రాసినది ఇదొక్కటేనని. తరువాతి ఓడలో దిగిన ఆరుగురిని సిమాద్రి దగ్గరికి పంపాడు. ఇప్పుడక్కడ జెండా మారింది, పెద్ద దొర ఓడెక్కాడు, సిమాద్రి బల్ల ఖాళీగా ఉంది.

టపాలో వచ్చింది అతని పటం. అచ్చయినది. ఒకటి నాకు, ఒకటి మా హెడ్మాస్టరుకి. ఆయన వెంటనే దాన్ని ఉపాధ్యాయుల గది గోడకి తగిలించాడు. కొండ దారిలో, శిఖరానికి చాలా కింద, టీకప్పు బొమ్మ పక్కన మూడు భాషల్లో ఒక పేరుంది: పంతులు రాయి.

ఆ కొండ ఎక్కినవాళ్ళు ఎందరో ఉంటారు. వాళ్ళలో ఒక్కడి పేరూ పటంలో లేదు. కూర్చున్నవాడిది ఉంది.